జీడి మచ్చ

శంకర్రావు నోరు మూసుకున్నందుకు నా భార్య సాయమ్మ చచ్చిపోయింది. డాక్టరు కాగితం మీద ధనుర్వాతం అని రాశాడు. రాసుకోనీ.

మాది మహబూబ్‌నగర్ జిల్లా, పాలమూరు. పెళ్లయిన ఏడాదే మేస్త్రి వెంట బొంబాయి వచ్చాం. కామాటిపురలో చెక్క మెట్ల చాల్‌లో, వరుస గదుల మేడలో, ఒక గది దొరికింది. నేను గోడలకు సున్నం వేసేవాణ్ణి. సాయమ్మ సున్నం కలిపి అందించేది. మా చాల్‌లో సగంమంది తాతల కాలంలో వచ్చి ఈ ఊరి మేడలు కట్టినవాళ్ల మనవలు. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ. మమ్మల్ని మాత్రం పాలమూరోళ్లు అనేవాళ్లు, నిన్న సాయంత్రం రైలు దిగినట్టు. వాళ్లకు పెద్ద శంకర్రావు. ఒక పార్టీ మనిషి. నల్లా రాకపోయినా, రేషన్ కార్డు కావాలన్నా అతని గుమ్మం ముందే నిలబడాలి.

ఒక ఎండాకాలం ఊరికి పోతే అక్కడి ఓటర్ల జాబితాలో మా పేర్లు కొట్టేశారని తెలిసింది. బొంబాయిలో బతికేవాళ్లకు ఇక్కడ ఓటెందుకన్నారు. బొంబాయిలో అడిగితే మీ ఓటు మీ ఊళ్లోనే వేసుకోండన్నారు. ఢిల్లీలో రాజ్యం ఎవరు చెయ్యాలో చెప్పే హక్కు ఈ దేశంలో అందరికీ ఉందని మా ఊరి బడిలో పంతులు చెప్పాడు. రైలెక్కినవాడి హక్కు ఏ స్టేషన్‌లో జారిపోతుందో ఆయన చెప్పలేదు.

శంకర్రావే మా పేర్లు ఇక్కడ ఎక్కించాడు. ఊరికే ఎక్కించలేదు, భయపెట్టి ఎక్కించాడు.

"జాబితాల పేరుంటేనే నువ్వు ఈడోనివి. లేకుంటే రేపు సామాను తీసి రోడ్డు మీద పడేసినా అడిగెటోడు లేడు" అన్నాడు.

ఆ మాట సాయమ్మ లోపల నాటుకుంది. ఫుట్‌పాత్ గుడిసెలు కూల్చి, మనుషుల్ని బస్సులెక్కించి ఊరు దాటించడం ఆమె కళ్లారా చూసింది. ఓటంటే ఆమెకు ఢిల్లీ కాదు. ఆ గది. ఓటు వెయ్యకపోతే మళ్లీ జాబితాలో పేరుండదని, పేరు లేకపోతే గది ఉండదని ఆమె లెక్క. కాదని నేను కూడా గట్టిగా చెప్పలేకపోయాను. నాకు మాత్రం ఏం తెలుసు?

ప్రధానమంత్రిని కాల్చి చంపిన ఏడాది చివర ఎన్నికలు వచ్చాయి. గల్లీ మొదట్లో పోలీసులు నిలబడేవారు. కొత్త ముఖం కనిపిస్తే ఎక్కడివాడివని ఆపేవారు. మేము పనికి పోయేటప్పుడు నోరు మెదపకుండా నడిచేవాళ్లం. తెలుగు వినిపిస్తే ఆపుతారని భయం.

ఓటు పడే వారంలోనే సాయమ్మ ఎడమచేతి చూపుడు వేలికి గోరుచుట్టు లేచింది. శంకర్రావు తల్లి గంగాబాయి నల్లజీడి గింజను సూదికి గుచ్చి, దీపం మీద కాల్చి, కారిన నూనెను గోరు చుట్టూ పెట్టింది. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టే గింజ అది. చర్మానికి తగిలితే నల్లగా కాలుతుంది. ఆ పొర ఊడిందాకా మచ్చ పోదు. మా వైపు వాపులకూ నొప్పులకూ అదే మందు.

శంకర్రావు అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. "మా అవ్వ చెయ్యి పడితే రోగం పోదు, మనిషే నల్లబడతది" అని నవ్వాడు. పక్క గది రత్నాబాయి ఊరుకుంటుందా, ఢిల్లీ గద్దె మీద ఎవరిని కూర్చోబెడతావని సాయమ్మను అడిగింది.

"కిరాయి పెంచనోన్ని" అని నవ్వింది సాయమ్మ.

ఆమె నవ్వగా నేను చూసింది అదే ఆఖరు.

ఓటు రోజు పొద్దున్నే బయలుదేరాం. బూత్ ఒక బడిలో. ఆడవాళ్ల వరుస వేరు, మగవాళ్ల వరుస వేరు, లోపలికి తలుపు ఒకటే. ఆమె నాకంటే ముందు లోపలికి పోయింది. తలుపు దగ్గరి నుంచి నాకంతా కనిపిస్తోంది.

బల్ల వెనుక అధికారి ఎడమచెయ్యి చాపమన్నాడు. వేలు పట్టుకుని కిటికీ వెలుతురు వైపు తిప్పాడు. గోరు మీద నలుపు, కణుపు దాకా నలుపు. సిరా ఎక్కడ పెడతారో సరిగ్గా అక్కడ. అతను ఇంకో మనిషిని పిలిచి చూపించాడు. వేరే పార్టీ ఏజెంటు లేచి, ఇది దొంగ ఓటు, ఇంకో చోట వేసి వచ్చిందన్నాడు.

సాయమ్మ జీడి, సారూ, జీడి అంటోంది. వాళ్లకేం అర్థమవుతుంది? మరాఠీలో దాన్ని బిబ్బా అంటారని నాకు తర్వాత తెలిసింది. ఆ అధికారి ఇంట్లో కూడా వాడే ఉంటారు. ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట తెలిసినవాడు అదే గదిలో, పార్టీ బిల్ల పెట్టుకుని, ఏజెంటుగా బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

సాయమ్మ అతని వైపు తిరిగింది.

"శంకరన్నా, నువ్వన్న చెప్పు. మీ అవ్వనే గదా పెట్టింది."

శంకర్రావు చేతిలో జాబితా మీదికి వంగి పేజీ తిప్పాడు.

నేను వరుస దాటి లోపలికి పోబోయాను. కానిస్టేబుల్ కర్ర నా రొమ్ముకు అడ్డం పెట్టాడు. నాకు వచ్చిన హిందీలో మందు, మందు అని అరిచాను. ఎవరూ నా వైపు చూడలేదు. ఆమెను బయటికి నడిపించుకుపోయారు. పోతూ ఆమె ఆ వేలిని పిడికిట్లో దాచుకుంది.

సాయంత్రం దాకా పోలీసు చౌకీలో బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను బయట నిలబడ్డాను. చివరికి ఒక హవల్దారు, దొంగ ఓటుకు జైలు పడుతుందని, విచారణకు ఇంటికి వస్తామని, అప్పుడు వేలు మళ్లీ చూస్తామని చెప్పి పంపాడు. కోపంగా కూడా చెప్పలేదు. తన పని ముగించుకుని ఇంటికి పోయే మనిషి చెప్పినట్టు చెప్పాడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

నేను శంకర్రావు ఇంటికి పోయాను. లేడని లోపలినుంచి అతని గొంతే చెప్పింది.

ఆ తర్వాత చెక్క మెట్ల మీద ఎవరు ఎక్కినా సాయమ్మ చేతిలో పని వదిలేసి వినేది. చెప్పులా, బూట్లా? మన అంతస్తులో ఆగుతుందా, పైకి పోతుందా? పాలవాడి అడుగు, పోస్టుమాన్ అడుగు ఆమెకు తెలిసిపోయాయి. తెలియని అడుగు వినిపిస్తే చెయ్యి కొంగులో చుట్టి గోడకు ఆనుకునేది. నేనూ ఊపిరి బిగబట్టేవాణ్ణి. చప్పుడు పైకి పోయాక కూడా ఇద్దరం కాసేపు కదిలేవాళ్లం కాదు. అన్నం ముద్ద చేతిలోనే ఆరిపోయేది.

"మచ్చ లేకుంటే పట్టుకపోరు గదా?" అని ఒకసారి అడిగింది.

అదే ఊడిపోతుంది, ముట్టుకోకన్నాను. ఆమె ఆగలేకపోయింది. నేను పనికి పోయినప్పుడు ఇటుక ముక్కతో ఆ వేలిని రాచుకుంది. నలుపు పోయేదాకా, ఎర్రని మాంసం తేలేదాకా రాచింది. సాయంత్రం నాకు చూపించి, ఇక రానీ అంది. గుడ్డ పీలిక చుట్టుకుని మర్నాడు పనికి వచ్చింది. మట్టిలో, సున్నంలో అదే చెయ్యి.

కొన్ని రోజులకు దవడ పట్టేసింది. మాట ముద్దగా వస్తే చలి అనుకున్నాం. నోరు తెరుచుకోకపోయేసరికి ఎత్తుకుని ఆసుపత్రికి పోయాను. చీకటి గదిలో పడుకోబెట్టారు. ఏ చప్పుడూ కాకూడదన్నారు. కానీ వార్డులో మనుషులు నడవకుండా ఎలా ఉంటారు? ఎవరి అడుగు వినిపించినా ఆమె ఒళ్లు విల్లులా వంగేది. అది రోగమని నర్సు చెప్పింది. నేను ఆమె కళ్లు చూశాను. ఆ కళ్లను మా గదిలో అన్ని రోజులూ చూశాను. అది రోగం కాదు.

అలాగే పోయింది. విచారణకు ఎవరూ రాలేదు. అసలు కేసు కాగితమే రాయలేదని తర్వాత తెలిసింది.

ఐదేళ్లకు మళ్లీ ఢిల్లీ ఎన్నికలు వచ్చాయి. శంకర్రావు ఓటు చీటీలు పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చాడు. జుట్టు నెరిసింది. కూర్చోమనలేదు. అతనే నిలబడి మొదలుపెట్టాడు.

"మొగులన్నా, చెల్లె పేరు ఇంక జాబితాలనే ఉన్నది. తీపియ్యాల."

పోతాడనుకున్నాను. పోలేదు.

"ఆనాడు నేను నోరు తెరిస్తే ఈమె ఎవరు, ఎప్పుడొచ్చింది, ఎవరు పేరెక్కిచ్చిన్రని అడుగుదురు. మీ పాలమూరోళ్ల పేర్లన్నీ బయటికి గుంజుదురు. అందరి ఇండ్లు పోతుండె" అన్నాడు. గొంతు తగ్గించాడు. "మా తాత ఈ గల్లీల రాళ్లు మోసిండు. అయినా నన్ను ఇప్పటికీ మద్రాసోడనే అంటరు. నాకు భయమైంది."

"సాయమ్మకు కాలేదా?" అన్నాను.

అతను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. నా చీటీ గడప మీద పెట్టాడు. ఆమె పేరు ఏం చెయ్యాలో చెప్పమని మళ్లీ అడిగాడు. నేను తలుపు వేశాను. చీటీ తియ్యలేదు. ఓటు వెయ్యలేదు.

పేరు తీశాడో ఉంచాడో నాకు తెలియదు. రత్నాబాయి మాత్రం, ముసలివాళ్లమయ్యాం, మనసులో ఉన్నది అతనితో ఒకసారి అనేసి కడిగేసుకోమంటోంది. కడిగేది లేదు. అతనితో అనేది లేదు, ఇంకెవరితోనూ అనేది లేదు. ఈ సంగతి ఇక నా నోట రాదు.