ఎక్కేవాళ్ళకు దారి

శుక్రవారం తెల్లవారుతుండగా ఫరంగీస్ ఫ్లాస్కులో చాయ్ నింపి, రొట్టెల్లో పనీరు, అక్రోటు పలుకులు పెట్టి చుడుతుంటే, గుమ్మంలోంచి భర్త హూషంగ్ కేకేశాడు.

"నీ మంచు ముళ్ళు సియామక్‌కి ఇచ్చేశా! తనవి మర్చిపోయి వచ్చాడు పాపం. నువ్వెలాగూ చాయ్ దుకాణం దగ్గర కూర్చునేదానివేగా!"

బూట్ల అడుగున తగిలించుకునే ఆ ఇనుప పళ్ళ పట్టీలను పోయిన చలికాలం ఆమె తన జీతంతో కొనుక్కుంది. అవి ఇంతవరకూ మంచు ఎరగవు. ఫరంగీస్ రొట్టెలు చుట్టడం పూర్తి చేసింది.

టెహరాన్‌కు ఉత్తరాన, దరకే లోయలో తొలిమంచు పడి మూడు రోజులైంది. హూషంగ్, అతని స్నేహితులు సియామక్, ఇంకొకతను ముందు నడిచారు. అన్నిటికన్నా బరువైన సంచి ఫరంగీస్ వీపున ఉంది. ఎదురుగా దిగివస్తున్న వాళ్ళందరూ కొండ మీది ఆనవాయితీ ప్రకారం పలకరించారు: "అలుపు రాకూడదు!" హూషంగ్ ప్రతి ఒక్కరికీ నవ్వుతూ, "మీకూ రాకూడదు!" అని బదులిచ్చాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఎంత తేలిగ్గా ఇస్తాడో ఆ మాట!

చాయ్ దుకాణం దాటాక దారంతా గాజులా గడ్డకట్టింది. ముగ్గురూ తమ సంచులను దుకాణం ముందు బల్ల దగ్గర ఆమె పక్కన దించారు.

"సూప్ వేడిగా ఉంచమని చెప్పు. వచ్చేస్తాం" అన్నాడు హూషంగ్. సియామక్ ఆమె మొహంలోకి చూడకుండా ఆమె పట్టీలను తన బూట్లకు బిగించుకున్నాడు.

పైన, కొండెక్కేవాళ్ళు ఆగే బస దగ్గర నిలబడితే నగరమంతా పాదాల కింద ఉంటుంది. ఆమె దాన్ని వాళ్ళ ఫోటోల్లోనే చూసింది. ఆ ఫోటోల్లో తాను ఎప్పుడూ లేదు, సంచుల దగ్గర ఉంది. కొత్త సంవత్సరం పండగ నౌరోజ్‌కి వచ్చిన చుట్టాలందరికీ వండి వార్చి గోడకి జారగిలబడితే అత్తగారు, "ఆఫీసులో కుర్చీలో కూర్చునేదానివి, నీకు అలుపేమిటమ్మా?" అంది. ఆఫీసులో రిజిస్ట్రారు, "ఫరంగీస్ ఖానుమ్, మీ చేతి చాయ్ ముందు మన ఆఫీసు కుర్రాడి చాయ్ ఎందుకూ పనికిరాదండీ" అంటూ టైపు మధ్యలో లేపుతాడు. రెండు చోట్లా అది తన ఓపికకి మెచ్చుకోలే అని చాలాకాలం నమ్మింది. అలిసిపోయానని ఒప్పుకోవడానికి కూడా ఎవరో ఒకరు అనుమతి ఇవ్వాలన్నట్టు బతికింది.

"అలుపు రాకూడదు, ఖానుమ్!"

తలెత్తి చూస్తే ఒంటరిగా దిగివస్తున్న పెద్దావిడ. నెరిసిన జడ, చలికి కందిన బుగ్గలు.

"నేనేం ఎక్కలేదండీ. కూర్చునే ఉన్నాను."

పెద్దావిడ నాలుగు సంచుల వంకా చూసింది. "ఓహో! అయితే ఇవన్నీ వాటంతట అవే నడిచొచ్చాయా?"

ఫరంగీస్‌కు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"పైకి వెళ్ళాలనుందా?"

"నా ముళ్ళు నా దగ్గర లేవు."

పెద్దావిడ బల్ల మీద కూర్చుని తన పట్టీలు విప్పింది. "కిందంతా మెత్తని మంచే, నాకు ఇవక్కర్లేదు. దిగాక దుకాణంలో ఇచ్చెయ్. వచ్చే శుక్రవారం తీసుకుంటాను." వద్దంటున్నా వినకుండా మంచులో మోకాలు ఆనించి, చేతి తొడుగులు తీసేసి, ఒక్కొక్క పట్టీ బిగించింది. ఆమె ఊపిరి ఫరంగీస్ మోకాలికి వెచ్చగా తగిలింది. తన కాళ్ళ దగ్గర ఇలా ఒకరు వంగడం ఫరంగీస్‌కు గుర్తులేదు. పిల్లల బూట్లు, మామగారి బూట్లు, హూషంగ్ బూట్లు... వంగింది తనే.

సంచులు దుకాణంలో పెట్టించి బయల్దేరింది. మొదటి అడుగు భయంగా వేసింది. రెండో అడుగుకి ఇనుప పళ్ళు మంచుగడ్డలోకి కరకరా దిగాయి. పట్టు దొరికింది. దిగుతున్నవాళ్ళు పక్కకి ఒదిగి, "అలుపు రాకూడదు" అంటున్నారు. ఆమె బదులిస్తూ ఎక్కింది.

బస కనుచూపు మేరలోకి వచ్చాక వాళ్ళు ఎదురయ్యారు.

"నువ్వా!" హూషంగ్ ఆగిపోయాడు. "సంచులేవి?"

"దుకాణంలో."

"ఎవరో ఎత్తుకుపోతే? సరే, తిరుగు. వెళ్దాం."

"నేను పైకి వెళ్తున్నాను."

"నీకోసం మేం చలిలో పడిగాపులు కాయాలా?"

"కాయొద్దు. తినేసి దిగండి. నేను బస్సులో వస్తాను."

దారి ఒక మనిషికే సరిపోతుంది. దిగేవాడు తప్పుకోవాలన్నది కొండ మీద అందరికీ తెలిసిన మర్యాద. సియామక్ ముందు తప్పుకున్నాడు, తన పాదాల వంక చూసుకుంటూ. ఇంకొకతనూ తప్పుకున్నాడు. ఫరంగీస్ కదలకుండా నిలబడింది. చివరికి హూషంగ్ పక్కకి అడుగువేసి మోకాళ్ళదాకా మంచులో దిగబడ్డాడు.

అతన్ని దాటుతూ, దారిలో అందరికీ చెప్పినట్టే చెప్పింది. "అలుపు రాకూడదు."

"మీకూ రాకూడదు" అన్నారు స్నేహితులిద్దరూ. హూషంగ్ పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఆ మాట కోసం ఆమె ఒక్క ఊపిరి సేపు ఆగింది. ఆ తర్వాత ఆగలేదు.