వెతికే పెట్టె నేర్చుకున్నది

చిన్న సొరకాయల్లాంటి కూసా కాయల్లోంచి గుజ్జు తోడుతూనే రబాబ్ తడి వేలితో ఫోన్లోని వెతికే పెట్టెలో 'కూసా కూరడం ఎలా' అని కొట్టింది. పెళ్లైన నాటినుంచి చేస్తున్న వంటే. ఇర్బిద్ ఊళ్లో అంత బాగా చేసేవాళ్లు లేరని అత్తగారు పొరుగింట్లో చెబుతుంది, ఇంట్లో మాత్రం ఉప్పెక్కువైందంటుంది. అయినా రబాబ్ రోజూ వెతకాల్సిందే. ఆ వెతికే పెట్టెకి మేత వెయ్యాలి మరి.

ఆ పెట్టె మనిషిని బట్టి నేర్చుకుంటుంది. ఒక్క అక్షరం కొడితే చాలు, ఈ మనిషి అడగబోయేది ఇదీ అని తనే ఒక ప్రశ్నల వరస అందిస్తుంది. రబాబ్ ఇంట్లోంచి చేసే ఉద్యోగమూ అదే. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లోని కంపెనీకి ఆ వరసలు సరిగ్గా వచ్చాయో లేదో చూసి మార్కులు వేస్తుంది. "కూర్చుని ఫోను గోకడమూ ఒక పనేనా?" అంటుంది అత్తగారు. భర్త ఘస్సాన్ మాత్రం ఆ విద్యను చక్కగా ఒంటబట్టించుకున్నాడు. సాయంత్రం చెప్పులు విడవకముందే చెయ్యి చాపి, ఆమె ఫోన్లో ఒక్కో అక్షరం నొక్కి చూస్తాడు. "వెతికినవన్నీ తుడిపేసుకోవే, నాకేం? నీ మనసులో ఏముందో ఇదే కక్కేస్తుంది." ఒకసారి అది 'ఒంటరి ఆడవాళ్లకు అద్దె గది' అని కక్కింది. ఆనాటినుంచి రబాబ్ దానికి వంటలే తినిపిస్తోంది. ఎంతగా అంటే, ఆమె వేలు గాల్లో ఉండగానే అది బియ్యం కడిగి, ఎసరు పెట్టి, అత్తగారిని భోజనానికి పిలిచేస్తుంది!

మొన్న స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ము పక్కన గట్టిగా ఏదో వేలికి తగిలింది.

ఆ ఇంట్లో ఆ జబ్బుకు పేరు లేదు. 'ఆ జబ్బు' అనాలి, అదీ గొంతు తగ్గించి. ఘస్సాన్ మేనత్త దానితోనే పోతే గుండె ఆగిందని అందరికీ చెప్పారు. "బయటికి పొక్కితే మన లీన్‌ను ఎవరు చేసుకుంటారే?" అంది అత్తగారు అప్పుడే. లీన్ రబాబ్ కూతురు, ఇంకా బడిలోనే ఉంది.

రబాబ్ గది గడియ వేసుకుని 'నొప్పి' అని కొట్టింది. పెట్టె వినయంగా అందించింది: అత్తగారి మోకాలి నొప్పి, భర్త నడుం నొప్పి, కూతురి పంటి నొప్పి. రబాబ్‌కు నవ్వొచ్చింది. అన్నీ చెరిపి 'నాకు' అని కొట్టింది. పెట్టె తడబడి ఏవో ఊసుపోని ప్రశ్నలు పడేసింది. ఆ వరసను ఆమె ఎరుగును. ఎప్పుడూ ఏమీ అడగని, ఎవరో తెలియని మనిషికి ఇచ్చే వరస అది.

ఆ జబ్బు పేరు ఒక్కో అక్షరమే, పూర్తిగా, తనే రాసింది. తుడపలేదు.

సాయంత్రం ఆమె ఫోన్లో అక్షరం నొక్కగానే ఘస్సాన్ మొహం పాలిపోయింది. "ఇదేంటే? ఎవరికి?"

"నాకు."

"నెమ్మదిగా, గోడవతల వింటారు!" అంటూ అత్తగారు కిటికీ మూసింది. "లీన్ సంగతి ఆలోచించావా అసలు?"

"ఆలోచించాను అత్తమ్మా. రేపు దాన్నీ నాతో ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఒళ్లు ఎలా తడిమి చూసుకోవాలో ఇప్పుడే నేర్చుకుంటుంది."