బానెట్ మీద బొంబాయి రవ్వ

నేను ఒక నీలిరంగు గుడ్డను. పత్తిచేలో పుట్టలేదు. ప్లాస్టిక్ కరిగించి తీసిన దారంతో, ఎవరి చెయ్యీ తగలకుండా మిషన్ మీద తయారయ్యాను. నా దారం తలవెంట్రుక కన్నా సన్నం. దుమ్మును పట్టుకోవడం నా పని. పట్టుకున్నది వేడిదో చల్లటిదో నాకు తెలియదు. ఉందో లేదో మాత్రం తెలుస్తుంది. నాలాంటి మరో ఇద్దరితో కలిపి కవర్లో పెట్టి విశాఖపట్నం పంపించారు. గాజువాక వైపు ఒక కాలనీలో రామినాయుడు గారి ఇంటికి చేరాను.

రామినాయుడు గారు రైలుపెట్టెలకు రంగులు వేసే షెడ్డులో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యారు. రంగు వేసే ముందు రేకును రుద్ది నున్నగా చేస్తారు. అది సరిగ్గా వచ్చిందో లేదో కంటికి తెలియదట, చేతికే తెలుస్తుందట. ఆయన అరచెయ్యి ఆనించి "ఊఁ" అంటేనే ఇంజినీరు సంతకం పెట్టేవాడని ఆయన భార్య అసిరితల్లి గారు వీధిలో అందరికీ చెప్పేవారు. వినీ వినీ నాకు కంఠతా వచ్చేసింది.

ఆ ప్రాంతంలో గాలి నిండా నల్లటి నుసి. పొద్దున్న కడిగిన కారు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. చాలామంది పొడిగుడ్డతో దులిపేసి పోతారు. ఆ నుసే రంగును గీస్తుంది, ఎండలో చూస్తే గుండ్రటి సన్నగీతలు కనబడతాయి. రామినాయుడు గారి తెల్లకారు మీద అలాంటి గీత ఒక్కటీ ఉండేది కాదు. ఆదివారం ఎండ ముదరకముందే పైపుతో నీళ్లు కొట్టి నుసి జార్చేవారు. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో ఉత్తనీళ్లు. నన్ను షాంపూలో ముంచి పైకప్పు నుంచి కిందికి తుడిచేవారు. ఉత్తనీళ్లలో జాడించి మళ్లీ ముంచేవారు. నేల మీద పడిన గుడ్డ ఇక రంగును తాకకూడదు, చక్రాలకు పోవాలి. నాతో వచ్చిన ఇద్దరూ అలాగే పోయారు. గుడ్డల్లో కూడా హోదాలు పెట్టుకుంటేగాని మనుషులకు పని సాగదు.

అంతా అయ్యాక పరీక్ష. చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తడిబానెట్ మీద అరచెయ్యి మెల్లగా జరిపేవారు. కవరు ఉంటే చిన్న రేణువు కూడా పెద్దగా తగులుతుందట.

పక్కింటి గవరయ్య గారు గోడ మీంచి చూసేవారు. "ఏటి నాయుడూ, బండికి నలుగెట్టి తలంటుతున్నావేటి?"

"నీ బండికైతే నలుగు సాలదు, గునపం గావాల" అనేవారు ఈయన, తల ఎత్తకుండానే.

ఆయనకు పదిహేనేళ్లుగా షుగరు. నేను వచ్చిన ఏడాదే డాక్టరు ఆయన పాదాలను సూదిమొనతో తాకి చూసి, స్పర్శ తగ్గుతోంది, కారు నడపడం మానేయమన్నాడట. బ్రేకు మీద కాలు ఎంత ఆనిందో తెలియకపోతే కష్టమన్నాడట. కూతురు సునీల ఇంటికి రాగానే తాళం అడిగింది.

"డాక్టరుకేటి తెలుసమ్మా. ఈ సెయ్యికి ఇసకరేణువు తెలిసినన్నాళ్లు కాలికి బ్రేకూ తెలుస్తాది. తెలవని రోజున తాళం నీ సేతిలో ఎడతాను. మీయమ్మే సాచ్చికం."

షెడ్డులో చెల్లిన చెయ్యి కదా, ఇంట్లోనూ చెల్లింది. కాలును ఎవరూ అడగలేదు. మంగళవారం మంగళవారం భార్యను పక్కన కూర్చోబెట్టుకుని అనకాపల్లిలో మరదలింటికి కారు నడుపుతూనే ఉన్నారు.

ఆ చెయ్యి సంగతి మొదట తెలిసింది నాకే. నన్ను పిండేటప్పుడు నీళ్లు పూర్తిగా పోయినా ఆయన ఇంకా పిండుతూ ఉండేవారు. ఒక ఆదివారం నాలో ఇసుక ఉండగానే బానెట్ తుడిచారు. పది గీతలు పడ్డాయి. పడుతుంటే నాకు తెలిసింది, ఆయనకు తెలియలేదు. ఎండలోకి తెచ్చాక కళ్లతో చూశారు. ఆ తర్వాత కారును నీడలోనే నిలిపేవారు.

కార్తీకమాసంలో ఒక ఆదివారం అసిరితల్లి గారు వంటింట్లోంచి గుప్పిలి మూసుకుని వచ్చారు. ఆయన బకెట్ మీదికి వంగినప్పుడు ఆవిడ తడిబానెట్ మీద ఏదో చల్లారు. తెలుపు మీద తెలుపు, కనబడలేదు. నేను అద్దం మీద వేలాడుతూ ఉన్నాను. ఆయన కవరు తొడుక్కుని అరచెయ్యి జరిపారు.

"అద్దంలాగుంది" అన్నారు.

"మరోపాలి సూడు మావా."

మళ్లీ జరిపారు, ఈసారి నెమ్మదిగా. కవరు కింద రవ్వ దొర్లుతూనే ఉంది. "ఏటే నీ అనుమానం. నున్నగుంది."

ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని అరచెయ్యి పైకి తిప్పారు. తడికవరుకు గింజలు అంటుకుని ఉన్నాయి.

"ఇసకా?" అన్నారాయన.

"ఉప్మారవ్వ. నానే సల్లాను."

ఆయన అరచేతిని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశారు. "ఎప్పట్నించి తెలుసు నీకు?"

"వినాయకచవితి కాణ్ణించి. ఉడుకు టీగ్లాసట్టుకుని బొబ్బెక్కిందాకా కూకున్నావు కదా."

"మరిన్ని మంగళారాలు నా పక్కనెందుకు కూకున్నావే?"

"నానెక్కకపోతే నువ్వొక్కడివే ఎల్తావు."

ఆయన కవరు తీసి మడతపెట్టారు. మడతపెట్టవలసినంత వస్తువు కాదది. నన్ను తీసుకోబోయారు, జారి నేల మీద పడ్డాను. ఇద్దరూ చూశారు, ఎవరూ తియ్యలేదు. లోపలికి వెళ్లి సునీల చేతిలో తాళం పెట్టారు.

"ఏమైంది నాన్నా?" అంది.

"మీయమ్మ సెప్తాది" అని స్నానానికి వెళ్లిపోయారు. ఆ రోజు ఇంట్లో ఉప్మాయే చేశారు. ముగ్గురూ తిన్నారు.

ఇప్పుడు కారు సునీల నడుపుతోంది, మంగళవారాలు అనకాపల్లికి కూడా. ఆఫీసుకు టైమవుతోందని పొడిగుడ్డతో రెండు నిమిషాల్లో దులిపేస్తుంది. గీతలు పెరిగాయి. ఆయన వరండాలో కుర్చీలోంచి చూస్తారు. ఒకసారి "బ్రేకు ఎలాగుందమ్మా?" అని అడిగారు. "బాగుంది నాన్నా" అంది.

నేల మీద పడినదాన్ని కనుక కొన్నాళ్లు చక్రాలు తుడిచాను. అంచులు ఊడిపోయాక అసిరితల్లి గారు నన్ను నాలుగు మడతలు వేసి గుమ్మం ముందు పరిచారు. రామినాయుడు గారు రోజుకు పదిసార్లు బయటి నుంచి వచ్చి నా మీద నిలబడతారు. నేను ఉన్నదీ లేనిదీ ఆయన పాదాలకు తెలియదు. అందుకని ప్రతిసారీ గుమ్మం పట్టుకుని తల వంచి, రెండు పాదాలూ నా మీద ఉన్నాయో లేదో చూసుకుంటారు. చూసుకున్న తర్వాతే తుడుచుకుంటారు.