మాతృభాషలో చూపు

సుబ్బురాజ్‌కు అబద్ధం చెప్పడం చేతకాదని తమిళనాడులోని కోవిల్‌పట్టిలో అందరికీ తెలుసు. అందువల్లనే ఆయనను పెళ్లిచూపులకు ఎవరూ వెంట తీసుకువెళ్లరు. ముప్పై నాలుగేళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న పని ఒక్కటే. సర్వరోగాలనూ కుదురుస్తాయని సంతలో అమ్మే తైలాల సీసాలు కొని, వాటి అడుగున ఉండే సన్నక్షరాలను నలుగురిలో నిలబడి చదివి వినిపించడం. ‘ఇది ఔషధం కాదు’ అన్న ముక్క ఎప్పుడూ ఆవగింజంత అక్షరాల్లోనే ఉంటుంది. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాక ఆ ముక్క ఆయనకు కనిపించడం మానేసింది. తైలాలవాళ్లు సంతోషించారు.

విరుదునగర్‌లో ఒక కంటి ఆసుపత్రి కొత్తరకం లెన్స్‌ను రోగులమీద పరీక్షిస్తోందని, దాన్ని అమరిస్తే దూరానికీ దగ్గరికీ కళ్లజోడు అక్కర్లేదని తెలిసి ఆయన పేరు ఇచ్చాడు. నిబంధన తేలికైనది. మొదట ఒక కంటికి వేస్తారు. మూడు నెలల తరువాత చదువు పరీక్షలో నిమిషానికి ఎనభై పదాలు దాటితే రెండో కంటికీ అదే లెన్స్. దాటకపోతే మామూలుది, కళ్లజోడుతో సహా.

ఫారంలో మాతృభాష అని ఒక గడి ఉంది.

“అరవమని సెప్పేసి రాండి,” అంది భార్య బొమ్మక్క. “మన బాస ఇంట్లోది. దాన్ని ఆస్పత్రికి ఎందుకు ఈడ్చేది?”

“శాస్త్రానికి తప్పు సమాచారం ఇయ్యకూడదు,” అని ఆయన తెలుగు అని రాయించాడు. తరతరాలుగా ఆ కుటుంబం తెలుగు మాట్లాడుతోంది. ఆ అక్షరాలు నేర్చినవాడు మాత్రం తాతముత్తాతల్లో ఎవడూ లేడు. ఆ సంగతి గడి అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆపరేషన్ చక్కగా జరిగింది. మూడు నెలలకు, పరిశోధన వ్యవహారాలు చూసే దేవిప్రియ ఒక కార్డు చేతికిచ్చి స్టాప్‌వాచ్ నొక్కింది. కార్డు నిండా తెలుగు. ప్రతి వంకరా, ప్రతి చుక్కా కడిగినట్టు కనిపించాయి. ఒక్క అక్షరమూ తెలియలేదు.

“ఇదేందమ్మా, జాంగిరి పిండినట్టు ఉండాది?”

“తెలుగు సార్. మాతృబాసలోనే సదివించాలని రూలు. పెద్దాపీసు పంపినారు.”

“నాకు సదివేది రాదే.”

“నాకూ రాదు సార్. మాది అరుప్పుకోట్టై, మగ్గమోళ్లం. ఇంట్లో తెలుగే.” ఆమె గొంతు తగ్గించింది. “మీకు రాదని నాకు తెలుసు. ఫారానికి తెలీదే. సున్నా అని రాయాల. అరవమని మార్చేద్దామా?”

ఫలితం చూశాక కొలత మార్చేవాడు దొంగ అని ముప్పై నాలుగేళ్లు పిల్లలకు బోధించిన నోరు ‘వద్దు’ అంది. వారంలోగా మరొక్కసారి చదవడానికి నిబంధన ఒప్పుకుంటుంది. కార్డును ఫోన్లో ఫొటో తీసుకుంటానంటే, కూడదని ఎక్కడా రాసి లేదు కనుక ఆమె తీసుకోనిచ్చింది.

మిరపకాయల మండీ ముందు గుంటూరు లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవరు టీ తాగుతూ ఫొటో చూసి చదివాడు: “సుబ్బమ్మ పెరట్లో ఒక కోడిని పెంచింది. కోడి రోజూ గంప కింద గుడ్డు పెట్టేది...”

సుబ్బురాజ్ టీ గ్లాసు పక్కన పెట్టి ఫోన్ మీదికి వంగాడు. పెరడు, గంప, గుడ్డు. అన్నీ తన తల్లి నోటి మాటలు. ఆ వంకరల్లో ఇన్నాళ్లూ ఉన్నది ఆమేనని అరవై ఎనిమిదో ఏట తెలిసింది.

“మళ్లా సదువు తమ్ముడా,” అన్నాడు.

“మీ తెలుగు భలే ఉంది పెద్దాయనా. మా నాయనమ్మ ఇట్టాగే మాట్లాడేది. ఆమె పోయి ఇరవయ్యేళ్లయిందిలే.”

డ్రైవరు గొంతును ఫోన్లో పట్టుకుని వారం రోజులు వల్లె వేశాడు. అర్థం తెలియని మంత్రాలు అప్పజెప్పే పూజారులను ఆయన జన్మంతా వెక్కిరించాడు. ‘వాళ్లకు అక్షరాలు తెలుసు, అర్థం తెలియదు, నాకు అర్థం తెలుసు, అక్షరాలు తెలియవు’ అని ఇప్పుడు తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

“మీ కోడి కత ఇని ఇని నాకే గుడ్డు పెట్టాలని ఉండాది,” అంది బొమ్మక్క.

రెండో పరీక్షలో ఆయన గుక్క తిప్పుకోకుండా సాగాడు. దేవిప్రియ వాచీ ఆపి నోరు తెరిచింది.

“నూట ముప్పై రెండు! ఇంతవరకూ ఎవరికీ రాలా సార్. రెండో కన్ను గెలిచేస్తిరి. వారంలో నేర్చుకుంటిరా?”

బదులు చెప్పబోతూ ఆయన మొదటిసారిగా కార్డును నిజంగా చూశాడు. పైఅంచున చీమ తలకాయలంత ఇంగ్లీషు అంకెలు, అచ్చువేసినవాళ్ల గుర్తు కాబోలు. అవి తలకిందులుగా ఉన్నాయి. అంటే కార్డే తలకిందులుగా ఉంది. ఇచ్చినామెకూ తెలియలేదు, పుచ్చుకున్నవాడికీ తెలియలేదు.

నోరు మూసుకుంటే చాలు, రెండో కన్ను ఆయనదే. తైలాలవాళ్లు చేసేది కూడా అంతే.

“నేను సదవలా అమ్మాయీ, ఒప్పజెప్పినా. కార్డు తలకిందులుగా ఉండాది.”

“మీకెట్లా తెలిసె?”

“పైన నంబరు సూడు. ఏడు, సున్నా, నాలుగు, తొమ్మిది.”

ఆమె కార్డును కిటికీ దగ్గరకు పట్టుకెళ్లి, కళ్లు చికిలించి, చివరకు భూతద్దం తెచ్చుకుంది. “అమ్మాడీ! నాకే కనపడలా. ఇంత సన్నది తలకిందులుగా సదివితిరా! మీ కన్ను...” అని ఫారం వైపు చూసి ఆగిపోయింది. “దీనికి గడి లేదే సార్.”

నూట ముప్పై రెండు కొట్టివేసి సున్నా వేసింది. జరిగినదాన్ని దాచడం ఇష్టంలేక, ‘ఇతర సమస్యలు’ అన్న చోట తనకు వచ్చిన ఇంగ్లీషులో నిజమే రాసింది: రోగికి కార్డు తలకిందులుగా కనిపించింది.

పెద్దాఫీసు ఆ వాక్యాన్ని శ్రద్ధగా చదివింది. లెన్స్ వల్ల లోకం తిరగబడుతోందేమోనని అనుమానించి, ఆయనను రెండుసార్లు మదురైకి పంపి మెదడుకు స్కాన్ తీయించింది. మెదడు నిటారుగానే ఉందని తేలింది. రెండో కంటికి, ముందుజాగ్రత్తగా, మామూలు లెన్స్ వేశారు.

కళ్లజోడు వచ్చిన రోజున బొమ్మక్క దాన్ని కొంగుతో తుడిచి చేతికిచ్చింది. “నిజం సెప్పినదానికి ఇదా కూలి?”

సుబ్బురాజ్ ఆలోచించాడు. దొంగ లెక్కతో రావలసిన లెన్స్ రాలేదు, అది న్యాయమే. కాని రాకపోవడానికి వాళ్లు చూపిన కారణం శుద్ధ తప్పు. తప్పు దారిన వచ్చిన సరైన జవాబుకు తాను ఎన్నడూ మార్కులు వేయలేదు.

“కూలి కాదు, ఫలితం,” అన్నాడు.

“ఏదో ఒకటి. ముక్కుమీద పెట్టుకోండి ముందు.”