దొంగ పగలగొట్టని తలుపు

నేను ఒక వేపచెక్క తలుపును. గుంతకల్లులో రైలుపట్టాల దగ్గరి ఇంటికి కాపలాగా బతికాను. నన్ను చేసిన వడ్రంగి గడియ లాగి చూసి, "ఏనుగొచ్చినా కదల్దు" అని మురిసిపోయాడు. ఏనుగు ఏనాడూ రాలేదు. వచ్చిందంతా మనుషులే. పండగొస్తే నాకు పసుపు రాస్తారు, కోపమొస్తే నన్నే ధడాలున వేస్తారు. మొదట ఆ ఇంట్లో ఉన్న రైల్వే గార్డు భార్య మొగుణ్ణి అనాల్సిన మాటలన్నీ నా చప్పుడుతోనే అనేసేది.

వాళ్లు ఇల్లమ్మేశాక అంగన్‌వాడీ టీచరు లింగమ్మ వచ్చింది. ఒంటరి మనిషి. బ్యాంకు ఆమెకు అప్పుతోపాటు ఇంటి బీమా కూడా అంటగట్టింది.

ఒక మధ్యాహ్నం షుగరు పడిపోయి ఆమె నా వెనకే కూలిపోయింది. లోపల గడియ వేసి ఉంది. ఎదురుగా బండి మీద కొబ్బరిబోండాలమ్మే కుళ్లాయప్ప, ఆమె చెప్పిన బోండాం పట్టుకొచ్చి ఎంత పిలిచినా పలుకు లేదు. పరుగున పోయి గడ్డపార తెచ్చాడు. నా పని ఆపడం, ఆపాను. అతని పని ఆమెను బతికించడం, బతికించాడు. నా నడిమి పలక చీలింది. గడియ ఊడిపోయింది.

ఆసుపత్రి నుంచి వచ్చాక లింగమ్మ నాకు మంచం అడ్డం పెట్టుకుని పడుకునేది. పడుకునేదే గానీ కన్ను మూసేది కాదు. కొత్త తలుపు కావాలి. బీమా ఏజెంటు వచ్చి నన్ను వేలితో పొడిచి చూశాడు.

"దొంగలు పగలగొట్టినారని రాయండి మేడమ్. పోలీసు కంప్లైంటు ఒకటి జత చేస్తే పనైపోతుంది."

పోలీసు అనగానే, గుమ్మం దగ్గర నిలబడ్డ కుళ్లాయప్ప తల దించుకున్నాడు. ఒకప్పుడు రైల్వే యార్డులో రాగితీగ పోతే, పట్టాల పక్క గుడిసె కదా అని అతన్నే లాక్కుపోయారు. కోర్టు వదిలేసింది. వీధి వదల్లేదు. ఇక్కడ కోడిపెట్ట కనబడకపోయినా ముందు అతని గుడిసెలోకే తొంగి చూస్తారు. చదువుకున్నవాళ్లూ అంతే.

"రాయక్కా," అన్నాడు నవ్వబోతూ. "నన్నే కదా పిలిచేది. నా మొగం వాళ్లకు అలవాటే."

"నోర్ముయ్‌రా! నన్ను బతికించినోన్ని దొంగను జేసి కొత్త తలుపు పెట్టుకోవాల్నా? గోనెపట్ట కట్టుకుంటా పో."

ఉన్నదున్నట్టు రాసింది. కంపెనీ కుదరదు పొమ్మంది. లింగమ్మ కుళ్లాయప్పను వెంటేసుకుని ఆఫీసుకే పోయింది. అక్కడ జరిగింది అతను వీధిలో అభినయించి చూపించాడు కాబట్టి నాకు తెలిసింది.

"దొంగ పగలగొడితే ఇస్తారంట, మంచోడు పగలగొడితే ఇయ్యరంట. యాడ రాసుంది సారూ? చూపించు. నాకూ చదువొచ్చు."

అధికారి పాలసీ తిరగేశాడు. అనుకోని నష్టానికి చెల్లిస్తామన్న మాట అందులోనే ఉంది. మంచోడికి చెల్లదన్న మాట ఎక్కడా లేదు. తమ కాగితాన్ని తాము చదవని మనుషులు, ఊరందరి మీద అనుమానాలు మాత్రం తడుముకోకుండా చదువుతారు! సర్వేయరు వచ్చి నా ఫొటోలు తీసుకున్నాడు. క్లెయిము పాసయింది.

కొత్త తలుపు బిగించారు. లోపల వేసుకున్నా బయటి నుంచి తాళంచెవితో తెరుచుకునే రకం. నన్ను కుళ్లాయప్ప తీసుకుపోయి సగానికి కోసి బండికి పలకగా వేసుకున్నాడు. ఇప్పుడు నా మీద బోండాలు దొర్లుతుంటాయి.

నన్ను బండికి వేసిన మర్నాడు, వీధంతా మెలకువగా ఉన్న వేళ లింగమ్మ బండి దగ్గరికొచ్చింది. నా మీద ఒక తాళంచెవి పెట్టింది.

"ఉంచుకో. మళ్లా పడిపోతే గడ్డపార ఎందుకు?"

కుళ్లాయప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వద్దక్కా. రేపు వీధిలో ఏదన్నా పోతే..."

"పోనీ. నా ఇంటి తాళం నీ కాడుందని అందరూ చూడాలనే ఈ టయానికి తెచ్చినా. తీసుకోరా!"

తీసుకున్నాడు. నా అంచున మేకు కొట్టి, దారిన పోయేవాళ్లకు కనబడేలా తగిలించాడు. బోండాం కొడుతూ కొడుతూ కత్తి ఆపి దాన్ని తడిమి చూసుకుంటున్నాడు. వీధి చూస్తోంది.

చూడనీ.