మైల పట్టిన ఇంట్లో గ్రీన్‌కార్డు

నేను ఒక గ్రీన్‌కార్డుని. పేరు విని పచ్చగా నవనవలాడుతుంటాననుకునేరు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ ముక్కని, అంతే. నా మీద నూకరత్నం ఫోటో, ఆమె వేలిముద్ర ఉంటాయి. ఈ దేశంలో ఆమె శాశ్వతంగా ఉండవచ్చని చెప్పేది నేనే. అదే మాట ఆమె ఎదురుగా నిలబడి చెబితే ఎవరూ నమ్మరు. ఇదేం విడ్డూరమో నాకిప్పటికీ బోధపడదు.

ఏదో యంత్రం నన్ను అచ్చుగుద్ది బయటికి తోసింది. తోటి కార్డులన్నీ తలో దిక్కుకీ పోతే, నేను టెక్సాస్‌లో ఓ ఇరుకు అపార్ట్‌మెంటుకి చేరాను. కవరు చించి నన్ను చూడగానే నూకరత్నం భోరుమంది. ఆమెది తుని దగ్గర పల్లె. ఇక్కడ ఓ ఇండియన్ కిరాణా దుకాణం వెనక వంటగదిలో బూరెలు, పులిహోర చేస్తుంది. మొగుడు చిట్టబ్బాయి అదే దుకాణానికి వ్యాను నడుపుతాడు. నాకోసం ఇద్దరూ ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశారట. ఆ సాయంత్రమే నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, వంటింట్లో దేవుడి గూట్లో అన్నవరం సత్యనారాయణస్వామి పటం ముందు నిలబెట్టింది. సర్కారు ముద్ర పక్కన కుంకుమ బొట్టేమిటని నాకు నవ్వొచ్చింది.

నన్ను ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది ఇక్కడి చట్టం. నూకరత్నానికి ఆ సంగతి తెలియక కాదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, దణ్ణం పెట్టుకుని, నన్ను సంచిలో వేసుకునేది. సాయంత్రం రాగానే కాళ్ళు కడుక్కుని మళ్ళీ స్వామి ముందు పెట్టేది.

ఒకరోజు తెల్లారేసరికి ఊరినుంచి ఫోనొచ్చింది. చిట్టబ్బాయి పెదనాన్న కొడుకు పోయాడు. ఇంటికి మైల పట్టింది. నూకరత్నం వెంటనే దేవుడి గూటికి తెర లాగేసింది. నేను లోపలే ఉండిపోయాను.

"కార్డు తీసుకెళ్ళవే," అన్నాడు చిట్టబ్బాయి.

"మైల్లో దేవుడి గూట్లో చెయ్యెలా పెడతామండీ? శుద్ధయ్యాక తీద్దాం లెండి. ఇన్నేళ్ళలో ఒక్కడైనా అడిగాడా?"

అతనికీ మైలంటే భయమే. దుకాణానికి మైల లేదు కాబట్టి ఆమె పనికి వెళ్ళిపోయింది. పిచ్చితల్లీ, నేను ప్లాస్టిక్ ముక్కనే, నాకు మైలేమిటి, తీసుకుపోవే అని అరవాలనిపించింది. నోరుంటే కదా.

మధ్యాహ్నం చిట్టబ్బాయి అన్నం తింటుండగా ఫోను మోగింది.

"ఏవండీ, దుకాణం బయట ఇమిగ్రేషన్ పోలీసులు నన్ను ఆపేశారండీ. కార్డు చూపించమంటున్నారు. ఇంట్లో ఉందంటే నమ్మట్లేదు. గబగబా పట్టుకురండి."

ఎంగిలి చెయ్యి కడుక్కుని పరిగెత్తుకొచ్చాడు. తెర దగ్గరికొచ్చి ఆగిపోయాడు. స్వామీ తప్పు కాయి అని లెంపలేసుకుని నన్ను తీశాడు. మేం వెళ్ళేసరికి నూకరత్నం సంచి దుకాణం యజమాని చేతిలో ఉంది. ఆమెను అప్పటికే వ్యానెక్కించి తీసుకుపోయారు.

ఆమె ఎక్కడుందో తెలుసుకోవడానికే చిట్టబ్బాయి కాళ్ళరిగేలా తిరిగాడు. చివరికి ఓ ఆఫీసులో అద్దం కింది సందులోంచి నన్ను లోపలికి తోశాడు. అధికారి నన్ను అటూ ఇటూ తిప్పి, దీపం కింద పెట్టి, యంత్రంలో గీకి, అసలు కార్డేనన్నాడు. మరి ఆ రోజు దగ్గర ఎందుకు లేదన్నాడు. ఇంట్లో ఒకరు పోయారు సార్, దేవుడి దగ్గరున్నది ముట్టుకోకూడదు అని చిట్టబ్బాయి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పుకున్నాడు. పోయినవాళ్ళ గురించి విని అధికారి మెత్తగా విచారం తెలిపాడు. తెలిపి, నన్ను ప్లాస్టిక్ కవర్లో వేసి సీలు చేశాడు. కార్డు దగ్గర పెట్టుకోలేదన్న కేసు తేలేదాకా నేను సాక్ష్యమట. ఆ సాయంత్రం నూకరత్నాన్ని వదిలేశారు. నన్ను వదల్లేదు. కార్డు బదులు ఏదైనా కాగితం ఇమ్మంటే, పైవాళ్ళని అడగాలన్నారు.

ఇప్పుడు నేను ఇనప సొరుగులో ఉన్నాను. ఆమె నన్ను వెంట ఉంచుకోవాలన్న చట్టమే నన్ను లాగేసుకుంది. నా పైనా కిందా ఇలాంటి కార్డులే, ఎవరెవరి మొహాలో. కోపమొస్తుంది, ఏడుపూ వస్తుంది.

చిట్టబ్బాయి వారం వారం కిటికీ దగ్గరికొస్తాడు. సొరుగులోంచి అతని గొంతు వింటూనే ఉంటాను. నూకరత్నం గుమ్మం దాటట్లేదట. పని పోయిందట. ఎవరైనా తలుపు కొడితే స్నానాలగదిలో దూరి గడియ పెట్టుకుంటోందట.

మొన్న వచ్చినప్పుడు అతను నన్ను ఇమ్మని అడగలేదు. "కార్డు మీ దగ్గరే ఉంచుకోండి సార్," అన్నాడు. "మీలో ఎవరైనా ఒక్కసారి మా ఇంటికొచ్చి, నువ్వు ఇక్కడ ఉండొచ్చమ్మా అని మా ఆవిడతో చెప్పండి. నేను చెబితే నమ్మట్లేదు."

లోపలినుంచి ఎవరో తర్వాతి వాళ్ళ పేరు పిలిచారు.