జగదాంబ జాడీకి పడిన కుట్లు

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. జూబ్లీహిల్స్‌లో ఉండే జగదాంబకి పొరుగింటి పగిలిన జాడీ కూడా రుచిగానే కనబడింది.

అసలవి రెండూ జంట జాడీలు. మద్రాసులో ఒక పాత బంగళా సామాను వేలం వేస్తుంటే జగదాంబ, సత్యలక్ష్మి కలిసి వెళ్లి చెరొకటి కొనుక్కున్నారు. నీలిపూల పింగాణీ, నూరేళ్ల నాటిది. సినిమావాళ్లంతా హైదరాబాదు తరలివస్తున్న రోజుల్లో వీళ్లూ వచ్చి ఎదురెదురు ఇళ్లలో దిగారు. లారీలో సత్యలక్ష్మి జాడీ పగిలింది. జగదాంబ "అయ్యో వదినా" అంటూ ఓదార్చింది గానీ, ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తింది.

సత్యలక్ష్మి ఊరుకుందా? బోరబండలో ఓదెలు అనే పనివాడి చేత ముక్కలకి ఇత్తడి తీగతో కుట్లు వేయించి, హాల్లో పెట్టింది. నీలిపూల మీద పచ్చగా మెరిసే ఆ కుట్లు చూసి, వచ్చినవాళ్లంతా అక్కడే ఆగేవారు. "ఎలా పగిలిందండీ?" అని అడిగేవారు. ఇంకేం, సత్యలక్ష్మి నెల్లూరు దాటాక లారీ గోతిలో పడ్డం దగ్గర మొదలెట్టేది. రెండు కాఫీలయ్యేదాకా ఆ కథ సాగేది. జగదాంబ ఇంట్లో పగలని జాడీని పలకరించే నాథుడు లేడు.

రెండేళ్లు ఓర్చుకుంది. చివరికి ఆమె మొగుడు బసవపున్నయ్యే, తను తీస్తున్న సినిమాలో జమీందారు హాలు సెట్టు కోసం సత్యలక్ష్మి జాడీ అడిగి తెచ్చాడు.

"మనది లేదూ?" అంది జగదాంబ.

"మనది నిన్న కొన్నట్టుంటుందే. వాళ్లదాన్ని చూస్తే ఏదో కథ ఉన్నట్టుంటుంది," అన్నాడాయన.

ఆయనటు షూటింగుకి వెళ్లగానే జగదాంబ పచ్చడిబండ తెచ్చి తమ జాడీ నడుం మీద ఒక్కటిచ్చింది.

"కింద పడ్డదా అమ్మా?" అన్నాడు ఓదెలు, ముక్కలు పేర్చి చూస్తూ.

"చెయ్యి జారిందయ్యా."

"పడ్డదైతే అంచుకాడనో అడుగుకాడనో పగుల్తది. గిది నడుమల నలిగింది. అన్ని చీలికలు గీడికెల్లే పోయినయ్. కుడ్త గానీ, గీ దెబ్బ కనిపిస్తనే ఉంటది."

"నీకెందుకా సంగతి? ఆవిడ దానికంటే రెండు కుట్లు ఎక్కువే వెయ్యి."

జాడీ హాల్లోకి రాగానే మొదట పరుగెత్తుకొచ్చింది సత్యలక్ష్మే. "అయ్యో, నీదీ పగిలిందా వదినా!" అంటూ నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. కుట్ల వెంట వేలు పోనిచ్చింది. అవన్నీ కలిసే చోట వేలు కాసేపు ఆగింది.

"నాదానికంటే నీదే బావుంది. ఎలా పగిలింది? మొదట్నించీ చెప్పు," అని కుర్చీ లాక్కుని కూర్చుంది. బసవపున్నయ్య కూడా పేపరు మడిచి ఇటు తిరిగాడు.

ఆ ప్రశ్న కోసం రెండేళ్లు ఏడ్చింది జగదాంబ. తీరా అది వచ్చేసరికి వంటింటి వైపు తిరిగింది.

"కాఫీ తెస్తానుండండి," అని వంటింట్లోకి నడిచింది. మూల రోట్లో పచ్చడిబండ ఉంది.

"కాఫీ తర్వాతొదినా, ముందు కథ చెప్పు!" అని హాల్లోంచి సత్యలక్ష్మి కేకేసింది.